హత్తోరి ఊరి నుంచి ఉక్కు కొలిమి దాకా

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, ఇదిగో ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలకు కూడా. పిల్లలు ఇంతమంది వస్తారని నేననుకోలేదు. పోస్టర్ మీద నింజా అని పెద్దక్షరాలతో వేశారు గనక వచ్చారు. జపాన్ కత్తుల తయారీ అని మాత్రమే వేసుంటే ఆ వెనక కూర్చున్న నలుగురు పెద్దాయనలు, నేను, మైకు పెట్టే అబ్బాయి, అంతే. నవ్వకండి, నిజం. ప్రపంచమంతా ఇదే జరుగుతోంది. జనాన్ని ఇంట్లోంచి కదిలించేది నింజా, అంటే పాతకాలపు జపాన్ గూఢచారి. వచ్చాక వాళ్లు నోరెళ్లబెట్టి చూసేది కత్తి. మొదటిది చాలావరకు కల్పన, రెండోది చేతికి తగిలే నిజం. ఈ రెండిటికీ ఉన్న ఇచ్చిపుచ్చుకోవడం ఏమిటి, దేని పుణ్యాన ఏది బతుకుతోంది, ఇవాళ అది మాట్లాడుకుందాం.

పిల్లలూ, ఒక ప్రశ్న. హత్తోరిది ఏ ఊరు? ఆ, ఇగా! మరి అమారాది? కోగా! చూశారా, పెద్దవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ నింజా హత్తోరి కార్టూన్ జపాన్‌లో 1964లో బొమ్మల కథగా మొదలైంది. అక్కడ అదొక తరం ముచ్చట, ఎప్పుడో అయిపోయింది. మన దేశంలో పిల్లలు దాన్ని ఎంత చూశారంటే, 2010లలో కొత్త భాగాలను జపాన్ కంపెనీ మన దేశపు కంపెనీతో కలిసి తీసింది. అంటే జపాన్ నింజా మన పిల్లల కోసం మళ్లీ ఉద్యోగంలో చేరాడన్నమాట.

ఇగా, కోగా రెండూ నిజమైన ఊళ్లే. పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో కొండ. ఇగా మియె రాష్ట్రంలో, కోగా షిగ రాష్ట్రంలో. కోగాను అక్కడివాళ్లు కోకా అంటారు. రెండూ పాత రాజధాని క్యోటోకి దగ్గరే, కానీ కొండల మధ్య దాక్కున్నట్టుంటాయి. పదిహేనో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం చివరిదాకా జపాన్‌లో ఒకటే యుద్ధాలు. ప్రతి ప్రాంతానికీ ఒక దొర, దొరకీ దొరకీ పడదు. ఈ రెండు చోట్ల మాత్రం గట్టి దొర లేడు. చిన్న చిన్న భూస్వాముల కుటుంబాలు కూడబలుక్కుని తమను తాము పాలించుకున్నాయి. పొలం చిన్నది, కొండ పెద్దది, పక్కన యుద్ధం. మరి ఏం చేస్తారు? తెలిసిన విద్య అమ్ముకుంటారు. కొండదారులు తెలుసు, రాత్రిపూట నడవడం తెలుసు, శత్రువు కోటలోకి దూరి నిప్పు పెట్టడం తెలుసు. 1487లో సాక్షాత్తు షోగన్, అంటే దేశాన్నేలే సేనాధిపతి, సైన్యం దండెత్తి వస్తే కోగా వాళ్లు రాత్రి దాడులతో దాన్ని నానా తిప్పలూ పెట్టారు. అక్కడినుంచి పేరొచ్చింది.

ఆ పేరే ముప్పు కూడా తెచ్చింది. ఓదా నొబునాగ అని, అప్పట్లో జపాన్‌ని ఒక్కచేతి కిందికి తెద్దామనుకున్న మొండిఘటం. అతని కొడుకు 1579లో ఇగా మీదికి వెళ్లి తన్నులు తిని వచ్చాడు. నొబునాగ ఊరుకుంటాడా? 1581లో అన్ని వైపుల నుంచీ సైన్యాన్ని పంపి ఇగాను తగలబెట్టించాడు. గుళ్లు, ఊళ్లు, మనుషులు, ఏమీ మిగల్చలేదు. సరిగ్గా మరుసటి ఏడాది, 1582లో, నొబునాగ తన సొంత సేనాని చేతిలో క్యోటోలో అంతమయ్యాడు. ఆ రోజు అతని మిత్రుడు తొకుగావ ఇయెయాసు ఎక్కడున్నాడు? సకాయ్ అనే రేవు పట్నంలో, కొద్దిమంది మనుషులతో. సైన్యం లేదు. చుట్టూ శత్రువులు. ఇంటికి చేరాలంటే ఇగా కొండలు దాటాలి. హత్తోరి హన్‌జో అనే అతని సేనాని ఇగా, కోగా మనుషులను పోగేసి ఆయన్ను క్షేమంగా దాటించాడని చెబుతారు. ఆ ఇయెయాసే తర్వాత షోగన్ అయ్యాడు. అతని వంశం రెండున్నర శతాబ్దాలకు పైగా జపాన్‌ని ఏలింది. టోక్యో పాత పేరు ఎదో, అక్కడి కోటకి హన్‌జో పేరు మీద ఒక ద్వారం ఉంది, హన్‌జోమోన్ అని. ఇవాళ టోక్యో మెట్రోలో ఆ పేరుతో ఒక లైనే ఉంది. సకాయ్ అనే ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, దాంతో మళ్లీ పని పడుతుంది.

పిల్లలకి ఒక చేదు నిజం చెప్పాలి. ఈ హన్‌జో నింజా కాదు. తండ్రిది ఇగాయే గానీ ఇతను పుట్టింది మికావా అనే చోట. ఈటె పట్టుకుని గుర్రం మీద యుద్ధం చేసిన మామూలు సమురాయ్, అంటే దొర కొలువులోని యోధుడు, ఒక సేనాని. ఏం చేస్తాం, పేరు ఒకసారి కథల్లోకి వెళ్లాక మనిషి మాట ఎవడు వింటాడు?

మరి అసలు నింజాలు ఏం చేసేవాళ్లు? అప్పట్లో వాళ్లని షినోబి అనేవాళ్లు. నింజా అనే మాట జనం నోళ్లలో పడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. వాళ్ల పని గూఢచర్యం. వార్త మోసుకురావడం. వార్త మోసేవాడు కొట్లాటలో చస్తే ఉపయోగం ఏముంది చెప్పండి? అందుకే కొట్లాట తప్పించుకోవడమే అసలు విద్య. ఈ విద్య మీద వాళ్లే రాసుకున్న పుస్తకాలున్నాయి. 1676లో బన్సెన్‌షూకాయ్, 1681లో షోనిన్‌కి. తేదీలు చూడండి. యుద్ధాలు అయిపోయి రెండు తరాలు గడిచిపోయాయి. పని లేదు, పిల్లలు నేర్చుకోవడం లేదు, ఈ విద్య మనతోనే పోతుందేమో అని బెంగపుట్టినప్పుడు రాసుకున్నారు. చేతిలో పని నిండా ఉన్నవాడు పుస్తకం రాయడు కదా.

ఏముంది వాటిలో? గాల్లో ఎగరడం లేదు. మాయమవడం లేదు. మబ్బు చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పడం. గురక విని ఇంట్లోవాళ్లు నిజంగా నిద్రపోతున్నారో నటిస్తున్నారో పసిగట్టడం. రంగు వేసిన బియ్యపు గింజలు దారిలో వదిలి తమవాళ్లకి గుర్తులు చెప్పడం. మందుగుండు, దివిటీల తయారీకి లెక్కలేనన్ని పద్ధతులు. ఎదుటివాడికి కోపం ఎక్కువా, భయం ఎక్కువా, ఆశ ఎక్కువా అని చూసి దాన్నిబట్టి మాట రాబట్టడం. ఇక వేషాలంటారా, షోనిన్‌కిలో ఏడు రకాలు చెప్పారు. బౌద్ధ సన్యాసి, కొండల్లో తపస్సు చేసుకునే యమబుషి, మొహం కనపడకుండా బుట్ట పెట్టుకుని వేణువు ఊదే సాధువు, వర్తకుడు, వీధుల్లో గారడీ చేసేవాడు, నాటకాలవాడు, ఇంకా మామూలు మనిషి. నల్ల ముసుగు వేసుకోమని మాత్రం అందులో లేదు. పట్టపగలు వీధిలో నల్ల ముసుగు వేసుకుని తిరిగితే ఎవడైనా పట్టుకుంటాడుగా!

మరి ఆ నల్ల ముసుగు ఎక్కడిది? ఎక్కువమంది చెప్పేది ఏమిటంటే, కబుకి నాటకాల నుంచి. కబుకిలో కురోకో అని నల్లబట్టలు కట్టుకున్న సహాయకులుంటారు. నటుడికి కత్తి అందిస్తారు, వస్తువులు జరుపుతారు. వాళ్లు కళ్లెదుటే తిరుగుతున్నా ప్రేక్షకుడు వాళ్లని లేనట్టే లెక్కవేస్తాడు. అదొక ఒప్పందం. మరి లేడనుకున్న ఆ నల్లబట్టలవాడే హఠాత్తుగా కత్తి దూసి రాజును పొడిస్తే? ప్రేక్షకుడి గుండె ఆగిపోదూ? నాటకం ఆలోచన ఎంత తెలివైనదో చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు బొమ్మల్లో అప్పటికే నల్లబట్టల మనిషి తాడు పట్టుకుని గోడలెక్కుతుంటాడు. 1910లలో పిల్లల కోసం చిన్న చవక పుస్తకాలొచ్చాయి, సరుతోబి ససుకె అనే కుర్ర నింజా వాటిలో హీరో. ఆ తర్వాత 1950, 60లలో నవలలు, సినిమాలు. 1967లో జేమ్స్ బాండ్ జపాన్ వెళ్లి నింజాలతో కలిసి పోరాడాక పాశ్చాత్య దేశాలకి పిచ్చి పట్టింది. 1980లలో అమెరికాలో నింజా సినిమాలు వరసకట్టాయి. 1984లో ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు తాబేళ్లకి నింజా ముసుగులు కట్టి బొమ్మల కథ గీశారు, అదెంత దూరం పోయిందో మీకు తెలుసు. ఒక తమాషా చెప్పనా? బ్రిటన్‌లో ఆ తాబేళ్ల కార్టూన్ వేసినప్పుడు నింజా అనే మాట పిల్లలకి మంచిది కాదని హీరో తాబేళ్లు అని పేరు మార్చారు. 1999 నుంచి 2014 దాకా పదిహేనేళ్లు నడిచిన నింజా బొమ్మల కథ నరుతో మాట చెప్పనక్కర్లేదు. ఆ మూడో వరసలో బాబు నుదుటికి ఆ పట్టీ కట్టుకునే వచ్చాడు.

జపాన్ వాళ్లకి ఇదంతా మొదట్లో కాస్త సిగ్గుగానే ఉండేదంటారు. తర్వాత తెలివి తెచ్చుకున్నారు. ఇగాలో మ్యూజియం ఉంది, తిరిగే గోడలు, నేలకింద కత్తి దాచే అరలున్న ఇల్లు ఉంది. రైలు బోగీల మీద నింజా కళ్లుంటాయి. ఫిబ్రవరి 22ని నింజా రోజు అన్నారు. మియె విశ్వవిద్యాలయం 2017లో నింజాల మీద అంతర్జాతీయ పరిశోధన కేంద్రం పెట్టింది. నేను ఇప్పటిదాకా చెప్పిన కల్పనకీ నిజానికీ మధ్య గీత గీసింది చాలావరకు ఇలాంటి పరిశోధకులే. కోగాలో అయితే నిజమైన నింజా కుటుంబం ఇల్లే ఒకటి నిలిచి ఉంది. ఆ ఇంటివాళ్లు తర్వాతి కాలంలో మందులు అమ్ముకుని బతికారు. మూలికలు తెలుసు, ఊరూరా తిరగడం తెలుసు. కోగాలో ఇవాళ్టికీ మందుల కంపెనీలు చాలా ఉన్నాయి. నాకు నల్ల ముసుగుకన్నా ఈ మందుల సంచి ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. కానీ మందుల సంచి చూడ్డానికి టికెట్ ఎవరు కొంటారు?

ఇక కత్తి. సినిమాల్లో నింజా వీపుకి ఒక కత్తి ఉంటుంది చూశారా, నిటారుగా, చదరపు పిడితో. నింజాకత్తి అని అమ్ముతారు. చరిత్రలో అలాంటి కత్తి ఉన్నట్టు ఆధారం లేదు. షినోబి మామూలు కత్తే వాడేవాడు, లేదంటే కొడవలి. ఆ నిటారు కత్తి ఇరవయ్యో శతాబ్దపు సినిమా సామాను. సినిమా సామానే కదా అని నవ్వి ఊరుకుందామా? ఊరుకోలేం. 2022లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో ఒక పదహారేళ్ల కుర్రాణ్ణి ఆన్‌లైన్‌లో కొన్న అలాంటి కత్తితోనే చంపేశారు. పొరపాటున, ఇంకొకడనుకుని. చంపినవాళ్లూ పదహారేళ్లవాళ్లే. ఆ తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. 2025 ఆగస్టు 1 నుంచి అక్కడ నింజాకత్తి ఇంట్లో పెట్టుకోవడమే నేరం. చరిత్రలో లేని కత్తి, చట్టంలోకి మాత్రం ఎక్కింది.

అదే బ్రిటన్‌లో 2008లో ఇంకో చట్టం వచ్చింది. సమురాయ్ కత్తుల పేరుతో అమ్మే కత్తులతో జరిగే హత్యలు ఆపడానికి, యాభై సెంటీమీటర్లు, అంతకన్నా పొడవున్న వంకర కత్తుల అమ్మకం, దిగుమతి ఆపేశారు. కానీ ఒక మినహాయింపు పెట్టారు. 1954కి ముందు చేసినవైతే సరే, లేదా పాత పద్ధతిలో చేత్తో చేసిన కత్తి అయితే సరే. గమనించారా? ఉక్కు రెండిట్లోనూ ఉక్కే. తెగడం రెండూ తెగుతాయి. మరి తేడా దేన్నిబట్టి పెట్టారు? చేసిన చేతినిబట్టి! అంత కష్టపడి, అంత ఖర్చుపెట్టి చేసిన కత్తిని ఎవడూ వీధి గొడవకి పట్టుకెళ్లడు అని ఒక పరాయి దేశపు చట్టమే ఒప్పుకుంది. ఆ కష్టం ఏమిటో ఇప్పుడు చెబుతాను. నేను లోహాల పాఠం చెప్పుకుని బతికినవాణ్ణి, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

జపాన్‌లో మంచి ఇనుప ఖనిజం రాళ్లు తక్కువ. ఉన్నది నల్లటి ఇనుప ఇసుక. పడమటి తీరాన షిమానె రాష్ట్రంలో ఒకుఇజుమొ అనే చోట ఆ ఇసుకని కరిగించే మట్టి కొలిమి ఉంది, తతర అంటారు. చలికాలంలో మాత్రమే వెలిగిస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆపకుండా, అరగంటకోసారి ఇసుక, బొగ్గు, ఇసుక, బొగ్గు వేస్తూనే ఉంటారు. ఒక్క విడతకి సుమారు పది టన్నుల ఇసుక, పన్నెండు టన్నుల బొగ్గు. మంట రంగు, చిట్టెం, అంటే కరిగిన మలినం, కారే తీరు చూసి పెద్దమేస్త్రి నిర్ణయిస్తాడు, మీటర్లు చూసి కాదు. చివర్లో ఏం చేస్తారో తెలుసా? కొలిమినే పగలగొడతారు. ఆ గోడలు అప్పటికే సగం కరిగి ఉక్కులో కలిసిపోయి ఉంటాయి. లోపల రెండున్నర టన్నుల దాకా బరువున్న ఎర్రటి ముద్ద. దాన్ని చల్లార్చి పగలగొట్టి, ఏరి, మేలిరకాన్ని వేరుచేస్తారు. అదే తమహగనె. ఏడాదికోసారి దేశంలోని కత్తి కమ్మరులందరికీ అక్కడినుంచే వెళుతుంది.

ఈ తతర ఒకసారి చచ్చిపోయింది, మళ్లీ బతికింది. 1945లో యుద్ధం ముగియగానే ఆగిపోయింది. మళ్లీ వెలిగించింది 1977లో, కత్తులను కాపాడటానికి పెట్టుకున్న సంఘంవాళ్లు. మధ్యలో ముప్పై రెండేళ్లు. ముప్పై రెండేళ్లంటే ఆ పని చేసిన చేతులు ఇంకా కొన్ని బతికే ఉన్నాయి. అవే నేర్పాయి. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే నేర్పేవాడు ఉండేవాడా?

సరే, ఉక్కు వచ్చింది. ఇప్పుడు కమ్మరి పని. తమహగనె ముక్కలను పేర్చి, కాల్చి, సమ్మెటతో ఒకటి చేసి, సాగదీసి, మధ్యలో గాటు పెట్టి మడత వేస్తాడు. మళ్లీ కాల్చడం, మళ్లీ కొట్టడం, మళ్లీ మడత. మన తాపేశ్వరం మడత కాజా ఉందే, పిండి మడత పెడితే పొరలు వస్తాయి కదా, అలాగే ఇక్కడా. పది మడతలకి 1,024 పొరలు, పదిహేను మడతలకి 32,768. లెక్క మీరే వేసుకోండి, ప్రతి మడతకీ రెట్టింపు. వెయ్యిసార్లు మడిచారు, లక్షసార్లు మడిచారు అని ఇంటర్నెట్‌లో చెబుతుంటారు, నమ్మకండి. పదిహేను దాటితే అనవసరం, పైగా నష్టం. ఎందుకంటే మడత మాయ కోసం కాదు. ఆ ఉక్కులో చిట్టెం ఉంటుంది, కర్బనం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటుంది. దెబ్బ పడ్డప్పుడల్లా చిట్టెం నిప్పురవ్వలై ఎగిరిపోతుంది, కర్బనం సర్దుకుంటుంది. దాంతోపాటు ఇనుమూ పోతుంది, కర్బనమూ తగ్గుతుంది. ఇంకా మడుస్తూ పోతే మెత్తటి ఇనుము మిగులుతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇక్కడ నేర్పు.

తర్వాత గట్టి ఉక్కు పైన, మెత్తటిది లోపల పెట్టి కత్తిగా సాగదీస్తారు. పైది తెగడానికి, లోపలిది విరక్కుండా ఉండటానికి. అప్పుడు మట్టి పూస్తారు. బొగ్గుపొడి, రాతిపొడి కలిపిన మట్టి. వెన్ను మీద మందంగా, వాదర మీద పలచగా. రాత్రిపూట, లేదంటే గది చీకటి చేసి కొలిమిలో పెడతారు. చీకటి ఎందుకు? వేడి ఎంతో రంగుని బట్టే తెలియాలి, వెలుతురులో రంగు మోసం చేస్తుంది. సరైన ఎరుపు రాగానే నీళ్లలో ముంచుతారు. వాదర తటాలున చల్లబడి రాయిలా గట్టిపడుతుంది, మార్టెన్‌సైట్ అంటాం మేం. వెన్ను మెల్లగా చల్లారి సాగే గుణంతో ఉంటుంది. ఈ మార్టెన్‌సైట్‌కి మామూలు ఉక్కుకన్నా చోటు ఎక్కువ కావాలి, అది ఉబ్బుతుంది. వాదర వైపు ఉబ్బితే కత్తి ఏమవుతుంది? వెనక్కి వంగుతుంది. ఆ అందమైన వంపు చాలావరకు ఆ క్షణంలో వచ్చిందే. అదే క్షణంలో టప్‌మని పగిలిపోవచ్చు కూడా. నెలల పని, ఆ కొద్ది సెకన్లలో తేలిపోతుంది. టెన్షన్ అంటే అదండీ.

ఇంతటితో అయిపోయిందా? కమ్మరి పని అయింది, కత్తి కాలేదు. సాన పట్టేవాడు వేరే మనిషి, వారాల తరబడి రాళ్లు మారుస్తూ, చివరికి బొటనవేలి కింద పెట్టుకునేంత పలచటి రాతి ముక్కలతో మెరుగు పెడతాడు. అప్పుడుగానీ గట్టి ఉక్కుకీ మెత్తటి ఉక్కుకీ మధ్య ఉన్న ఆ మబ్బు గీత బయటపడదు, హమోన్ అంటారు. ఒర చేసేవాడు వేరు, పిడికి పట్టుతాడు చుట్టేవాడు వేరు. కమ్మరికి ఎంత పేరొచ్చినా, సాన పట్టేవాడు సరిగ్గా లేకపోతే ఆ కత్తి మూగదే.

ఈ వృత్తి ఎన్నిసార్లు చావు అంచుకి వెళ్లొచ్చిందో చెప్పాలి. 1876లో కొత్త ప్రభుత్వం కత్తి పెట్టుకుని తిరగకూడదంది. అంతే, వేలమంది కమ్మరుల పొయ్యిలో పిల్లి లేవలేదు. వంటకత్తులు, కొడవళ్లు చేసుకున్నారు. 1945లో అమెరికా సైన్యం వచ్చి కత్తులన్నీ అప్పగించమంది. అందులో జాతి గర్వించే కత్తులున్నాయి. మసమునె అనే మహా కమ్మరి చేసిన ఒక కత్తిని తొకుగావ వంశంవాళ్లు పోలీస్ స్టేషన్‌లో అప్పగించారు. అది ఇవాళ్టిదాకా ఎక్కడుందో తెలియదు. కత్తుల ప్రేమికులు వెళ్లి మొరపెట్టుకున్నాకనే, ఇవి ఆయుధాలు కావు కళాఖండాలు అన్న మాట నిలబడింది. మళ్లీ చేసుకోవడానికి అనుమతి 1953లో వచ్చింది. కానీ ఎలాంటి అనుమతి? లైసెన్స్ ఉన్న గురువు దగ్గర కనీసం ఐదేళ్లు ఉండాలి. చాలామందికి జీతం లేదు. బొగ్గు కొట్టడమే మూడేళ్లు అని వాళ్లలో సామెత. ఆ తర్వాత ప్రభుత్వం పెట్టే శిక్షణలో నెగ్గాలి. లైసెన్స్ వచ్చాక కూడా నెలకి రెండు పెద్ద కత్తులకి మించి చేయకూడదు. చేసిన ప్రతిదాన్నీ నమోదు చేయాలి. ఇదేం అన్యాయం అని అడుగుతారు మీరు, నేనూ ఒకప్పుడు అడిగాను. నిజంగానే యువకులకి కష్టం, అందుకే కమ్మరుల సంఖ్య తగ్గుతోంది. కానీ ఆ నిబంధనే లేకపోతే, నింజా పిచ్చితో వచ్చిన గిరాకీకి నాసిరకం సరుకు గుట్టలుగా చేసి ఈ వృత్తిని పదేళ్లలో ముగించేవాళ్లు. బయట ఆ నాసిరకం ఎలాగూ దొరుకుతోంది. దాని మీద ఈ కమ్మరి పేరు లేదు, అదే అతనికి రక్ష.

గిరాకీ మాట వచ్చింది కాబట్టి ఒక విచిత్రం. 2015లో జపాన్‌లో తోకెన్ రన్‌బు అని ఒక గేమ్ వచ్చింది. అందులో పాత కత్తులు అందమైన యువకుల్లా కనిపిస్తాయి. అమ్మాయిలు పిచ్చెక్కినట్టు ఆడారు. ఆడి ఊరుకోలేదు, అసలు కత్తి చూడాలని మ్యూజియంల ముందు క్యూ కట్టారు. అంతవరకూ కత్తుల గది అంటే తెల్లజుట్టు మగవాళ్లది. 2020లో ఒకయామా రాష్ట్రంలోని సెతోఉచి అనే చిన్న పట్నం జాతీయ సంపదగా గుర్తించిన యమతొరిగె అనే కత్తిని యాభై కోట్ల యెన్‌లకి కొనుక్కుంది. ఎక్కడిదా డబ్బు? దేశమంతటి నుంచీ జనం పంపిన విరాళాలు. ఆ కత్తి పుట్టింది ఆ ప్రాంతంలోనే, ఫుకుఒక ఇచిమొంజి అనే కమ్మరుల చేతుల్లో. ఊరి కత్తి ఊరికి చేరింది. దేని పుణ్యం? గేమ్ చలవ కూడా ఉంది అందులో. కల్పన మీద మనం కోపగించుకోవడం ఎందుకు చెప్పండి?

ఇక సకాయ్. గుర్తుంది కదా, ఇయెయాసు చిక్కుకుపోయిన ఊరు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పొగాకు తెచ్చారు. పొగాకు ఆకుని వెంట్రుకలా తరగాలంటే మంచి కత్తి కావాలి. సకాయ్ కమ్మరులు ఆ కత్తులు చేశారు, షోగన్ ప్రభుత్వం వాటికి నాణ్యత ముద్ర వేసింది. పొగాకు కత్తి నుంచి వంటకత్తికి వచ్చారు. అక్కడ కొట్టేవాడు ఒకడు, సాన పట్టేవాడు ఒకడు, పిడి తొడిగేవాడు ఒకడు. గిఫు రాష్ట్రంలో సెకి, ఫుకుయ్‌లో ఎచిజెన్, నీగతలో సంజో, ఇవన్నీ ఇలాంటి కత్తుల ఊళ్లు. 2013లో జపాన్ వంటను యునెస్కో గుర్తించాక, సుషీ చేసే ప్రతి దేశం వంటవాడికీ వీళ్ల కత్తి కావాలి. టోక్యోలో కప్పబాషి అని వంటసామాన్ల వీధి ఉంది, అక్కడ కత్తుల షాపుల్లో విదేశీయులే ఎక్కువ. నన్నడిగితే జపాన్ కత్తి పని రేపు నిలబడేది గాజు అద్దాల వెనకున్న తల్వార్ల వల్ల కాదు, ఈ ఉల్లిపాయలు తరిగే కత్తుల వల్ల. ఎందుకంటే వీటికి నెలకి రెండు అనే లెక్క లేదు, అరిగితే మళ్లీ కొంటారు, పిల్లవాడు పని నేర్చుకుంటూనే నాలుగు రూపాయలు చూస్తాడు.

ఉక్కు మాట ఇంతసేపు మాట్లాడి మన ఊసు ఎత్తకపోతే బాగుండదు. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం తెలుసా ఎవరికైనా? రెండు చేతులు లేచాయి. అమారా ఊరికి లేచినన్ని లేవలేదు. కోనసముద్రంలో మూసల్లో పెట్టి ఉక్కు కరిగించేవాళ్లు. ఆ ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఇక్కడిదాకా వచ్చి దగ్గరుండి చేయించుకుని వెళ్లేవాళ్లు. వోయ్‌సీ అనే ఇంగ్లీషాయన కళ్లారా చూసి రాసింది 1832లో అచ్చయింది. పశ్చిమాసియా మేలి కత్తుల్లో కనిపించే ఆ నీటి అలల చార ఇలాంటి ఉక్కులో పుట్టిందే. మన దగ్గర ఇవాళ మిగిలింది చిట్టెం దిబ్బలు, పగిలిన మూసలు. ఫ్యాక్టరీ ఉక్కు ఓడల్లో చవగ్గా దిగింది, కత్తులు చేయించే రాజులు పోయారు, అడవి మీద ఆంక్షలొచ్చి బొగ్గు కరువైంది. జపాన్‌లోనూ ఇలాంటి కష్టాలే వచ్చాయి. తేడా ఎక్కడుంది? అక్కడ చివరి మేస్త్రి బతికుండగా ఎవరో వెళ్లి కొలిమి మళ్లీ వెలిగించమని అడిగారు. మన మేస్త్రిని అడిగినవాళ్లు లేరు. ఆ మేస్త్రి పేరు కూడా మనకి తెలియదు, చూసివెళ్లిన పరదేశి పేరే తెలుసు.

ప్రశ్నలకి టైమ్ ఇచ్చారు, అడగండి. బాబూ, నువ్వు చెప్పు. నింజాలు నీళ్ల మీద నడిచేవాళ్లా అని. మంచి ప్రశ్న. బన్సెన్‌షూకాయ్‌లో ఒక గుండ్రటి చెక్క పరికరం బొమ్మ ఉంది, మిజుగుమొ అని. కాళ్లకి చెప్పుల్లా కట్టుకుని నడిచేవాళ్లని చాలామంది అనుకున్నారు. కట్టుకుని దిగితే ఏమవుతుంది? మునిగిపోతాం, అంతే. కోట కందకంలో బురదగుంటలు దాటడానికి, మధ్యలో కూర్చుని తేలడానికి వాడి ఉంటారని పరిశోధకులు అంటున్నారు. ఇంటికెళ్లి బకెట్లో మాత్రం ప్రయత్నించకు.

ఆ, అమ్మగారు అడుగుతున్నారు. అబ్బాయి జపాన్ నుంచి వస్తున్నాడు, వంటకత్తి తెమ్మననా అని. తెమ్మనండి. చెక్-ఇన్ సామానులో పెట్టమనండి, చేతిసంచిలో వద్దు. కార్బన్ ఉక్కుదైతే మన కత్తిపీటలాగే నిమ్మకాయ, మామిడికాయ కోయగానే నల్లబడుతుంది, వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి. అంత ఓపిక లేదంటే స్టెయిన్‌లెస్‌ది అడగండి, అదీ బాగానే చేస్తారు. ఎముకలు కొట్టకండి, పలచటి వాదర, పెచ్చులూడుతుంది. సాన రాయి కూడా ఒకటి తెమ్మనండి, వెయ్యి నంబరుది చాలు. ఇంకెవరైనా? లేరా? మైకు అబ్బాయి గడియారం చూపిస్తున్నాడు. నమస్కారం.